వృద్ధ తల్లిదండ్రులు: సొంత ఇల్లు, సొంత నిర్ణయం

(బాటసింగారంలో జరిగిన కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి అంశం వృద్ధ తల్లిదండ్రులు. ఈ మాట వినగానే బనీ ఇస్రాయీల్ సూరాలోని 23, 24 ఆయత్‌లు మీ అందరికీ స్మరణకు వచ్చే ఉంటాయి. వాటి వ్యాఖ్యానాన్ని మౌలానాలు మాకంటె ఎంతో బాగా చెప్పగలరు గనుక ఆ పని మేము తలపెట్టలేదు. మేము గుమాస్తాగిరీ చేసి పదవీ విరమణ పొందినవాళ్లం. ఫైళ్లు, ఫారాలు, రశీదులు, దస్తావేజులు మా లోకం. విరమణ తరువాత ఈ హైవే పొడవునా ఉన్న బస్తీలలో ఇంటింటికీ తిరిగి పింఛను దరఖాస్తులు నింపడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం వంటి పనులు చేస్తున్నాము. ఆ తిరుగుడులో మేము చూసిన గడపల సంగతి మాత్రమే ఇక్కడ చెప్పదలచుకున్నాము.

ముందుగా మన ప్రాంతం గురించి ఒక మాట. ముప్పై ఏళ్ల క్రితం బాటసింగారం పల్లెటూరు. మలక్‌పేట, సైదాబాదు, పాతబస్తీలలో అద్దెలు కట్టలేక, లేదా ఉన్న ఇల్లు అన్నదమ్ములు పంచుకోగా తన వాటా డబ్బుతో, ఇక్కడ వంద గజాలో నూటయాభై గజాలో కొనుక్కుని రెండు గదులు వేసుకున్న కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. 1986 నుంచి గడ్డిఅన్నారంలో నడిచిన పండ్ల మార్కెట్టు 2021లో ఇక్కడికి తరలిన తరువాత దాని వెంట కమీషన్ ఏజెంట్లు, హమాలీలు, డ్రైవర్లు, తోపుడు బండ్లవారు వచ్చారు. మామిడి సీజనులో ఈ ఊరు రాత్రంతా మేలుకునే ఉంటుంది. నలభై ఏళ్లు మూటలు, పెట్టెలు మోసిన హమాలీకి అరవై ఏళ్లు రాకముందే మోకాళ్లు పోతాయి. కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసిన మాకు అరవైలో వచ్చే వృద్ధాప్యం అతనికి యాభైలోనే వస్తుంది. ప్రభుత్వ లెక్కలలో ఈ తేడా కనబడదు. జనన ధ్రువపత్రం లేని మనిషి ఆధార్ కార్డులో ఎవరో వేసిన తేదీయే అతని వయసు. అది రెండేళ్లు తక్కువ పడితే పింఛను రెండేళ్లు వెనక్కి జరుగుతుంది.

2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో అరవై నిండినవారు 10 కోట్ల 38 లక్షల మంది. ఆ తరువాత 2017-18లో జరిగిన అఖిల భారత వృద్ధాప్య సర్వే నాలుగింట మూడు వంతుల వృద్ధులకు ఏదో ఒక దీర్ఘకాలిక వ్యాధి ఉన్నదని తేల్చింది. బీపీ, షుగరు, కీళ్లు, కంటిచూపు. మన ఇళ్లలో ఇవి కొత్త సంగతులు కావు. అయితే వ్యాధి ఉన్న మనిషి తన జీవితం తాను నడుపుకోలేడని మనం అనుకోవడం మొదలుపెట్టినప్పుడే అసలు కష్టం వస్తున్నది.

తల్లిదండ్రులను ఇంటి నుంచి గెంటివేసిన కొడుకుల కథలు మీరు పత్రికలలో చదివే ఉంటారు. అలాంటి కొడుకులు మన మధ్య కూడా ఉన్నారు. వారి గురించి తరువాత చెబుతాము. అంతకంటె ఎక్కువగా మాకు కనిపించినది మరొక రకం. మంచి కొడుకులు. తల్లికి ఏ లోటూ రానివ్వరు. కానీ ఆమె వంటగదిలోకి పోకూడదు, గ్యాసు దగ్గర ప్రమాదం. అబ్బా మసీదుకు ఒంటరిగా పోకూడదు, హైవే మీద లారీలు. బ్యాంకు పాసుపుస్తకం కొడుకు బీరువాలో ఉంటుంది, పెద్దవాళ్లు ఎక్కడ పోగొట్టుకుంటారో అని. ఫోను ఇవ్వరు, మోసగాళ్లు ఓటీపీ అడుగుతారట. ఇదంతా ప్రేమతోనే చేస్తారు, అందులో మాకు సందేహం లేదు. ఏడాది తిరిగేసరికి ఆ తల్లి మంచం దిగడం మానేస్తుంది. ఆ తండ్రి ఎవరితోనూ మాట్లాడడం మానేస్తాడు. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయంటాడు. మేము ఎరిగిన ఒక ఖాలా పదిమందికి ఖుబానీ కా మీఠా చేసి పెట్టిన చేయి. కొడుకులు స్టవ్ ముట్టనివ్వకపోయేసరికి భోజనమే తగ్గించింది. చివరకు ఆమె చిన్న కోడలు తెలివిగలది, నేల మీద ఇండక్షన్ పొయ్యి పెట్టి, పక్కన ఎత్తు పీట వేసి, వారానికి రెండు రోజులు వంట నీదేనమ్మా అన్నది. ఆ ఇంట్లో ఇప్పుడు శుక్రవారం పూట బగారా అన్నం ఆమె చేతిదే.

2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టంలో నాలుగవ సెక్షను చదివితే ఒక సంగతి తెలుస్తుంది. పిల్లల బాధ్యత తిండి, గుడ్డలతో ముగియదు. తల్లిదండ్రులు సాధారణ జీవితం గడపగలిగేంత వరకు ఆ బాధ్యత ఉన్నదని అక్కడ రాశారు. సాధారణ జీవితం అంటే ఏమిటి? మా లెక్కలో తన దర్వాజా తాను తీసుకోవడం, తన స్నానం తాను చేసుకోవడం, తన వజూ తాను చేసుకోవడం, తన డబ్బులోంచి మనవడికి పది రూపాయలు తన చేతితో ఇవ్వడం, ఎవరి ఇంటికి పోవాలో తాను నిర్ణయించుకోవడం. ఇందులో ఎంత భాగం నిలబెట్టగలమో అంతా నిలబెట్టాలి. చేతకాని భాగానికి మాత్రమే మనం చేయి అందించాలి.

స్నానపు గది దగ్గర మొదలుపెడదాం. మన రెండు గదుల ఇళ్లలో స్నానపు గది, పాయఖానా తరచుగా పెరట్లో ఉంటాయి. రెండు మెట్లు దిగాలి, నునుపు టైల్స్, నీళ్లు, సబ్బు నురగ, పైగా రాత్రి పూట దీపం ఉండదు. తహజ్జుద్‌కో ఫజ్ర్‌కో లేచిన పెద్దవాళ్లు జారిపడేది అక్కడే. తుంటి ఎముక విరిగిన పెద్దమనిషి మళ్లీ మునుపటిలా నడవడం చాలా కష్టం. దీనికి చేయవలసినది ఏమంత పెద్ద పని? గోడకు రెండు స్టీలు కడ్డీలు బిగించాలి, ఒకటి కమోడు పక్కన, ఒకటి కుళాయి పక్కన. కింద కూర్చోలేని వారికి ఎత్తు కమోడు పెట్టాలి. అది కట్టే వీలు లేని చోట మధ్యలో రంధ్రమున్న కుర్చీ బజారులో దొరుకుతుంది. గరుకు టైల్స్ వేయలేకపోతే రబ్బరు చాప చాలు. మంచం నుంచి స్నానపు గది దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బు కావాలి. తలుపుకు లోపలి గడియ బయటి నుంచి కూడా తీయగలిగేలా ఉండాలి, లేకపోతే లోపల పడిపోయిన మనిషి కోసం తలుపు పగలగొట్టవలసి వస్తుంది. వజూ కోసం కుళాయి ముందు ఒక స్టూలు, కాళ్లు కడుక్కునేందుకు వంగనవసరం లేకుండా చిన్న గొట్టం. మేస్త్రీకి ఒక రోజు పని. వలీమా దావత్‌లో ఒక్క దేగ్ బిర్యానీకయ్యే ఖర్చుతో ఇందులో చాలా భాగం అయిపోతుంది. దావత్‌కు ఇరవై దేగ్‌లు దించే ఇళ్లలో కూడా ఈ కడ్డీ మాకు కనబడలేదు.

మసీదు కమిటీల వారికి కూడా ఇదే మనవి. కుర్చీ మీద నమాజు చదివే పెద్దలకు వెనుక వరుసలో నాలుగు కుర్చీలు వేయడంతో మన బాధ్యత తీరిపోయిందనుకుంటున్నాము. మెట్ల పక్కన పట్టుకునే కడ్డీ ఉన్నదా? వజూఖానాలో కూర్చునే గట్టు తగిన ఎత్తులో ఉన్నదా? మసీదుకు పోలేకపోవడం మొదలైన రోజే మన పెద్దవాడి ప్రపంచం ఒక గదికి కుంచించుకుపోతుంది. జమాత్ తరువాత మెట్ల మీద కూర్చుని నలుగురితో మాట్లాడే ఆ పది నిమిషాలు అతనికి ఏ మందుకూ తీసిపోవు.

ఆరోగ్యం విషయంలో కొద్దిమాటలే చెబుతాము, ఎందుకంటే ఇక్కడ డాక్టర్లు కూడా ఉన్నారు. బీపీ, షుగరు మందులు ప్రభుత్వ ప్రాథమిక కేంద్రాలలో ఉచితంగా ఇస్తారు. పెద్ద పరీక్షలకు వనస్థలిపురం ఏరియా ఆసుపత్రి ఉన్నది. పాత పండ్ల మార్కెట్టు స్థలానికి కేటాయించిన టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. మన మార్కెట్టును ఖాళీ చేయించినందుకు మన పెద్దలకు ఆ ఆసుపత్రి మీద హక్కు కొంచెం ఎక్కువే ఉన్నదని మేము సరదాగా అంటూ ఉంటాము. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. డెబ్భై నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా అయిదు లక్షల వరకు చికిత్స ఇచ్చే వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. ఏ కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో అత్యవసరం రాకముందే వెళ్లి అడిగి కాగితం మీద రాసుకోండి. అర్ధరాత్రి అంబులెన్సులో కూర్చుని కనుక్కునే విషయం కాదది. కంటి శుక్లాలను మన వాళ్లు ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు. చూపు మందగించిన మనిషి జారిపడతాడు, మందు బిళ్లలు తారుమారు చేస్తాడు, ఖురాన్ చదవడం మానుకుంటాడు. మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రి మనకు దూరమే, కానీ దానికి పోవలసినది ఒకటి రెండు సార్లే.

రమజాను సంగతి వేరుగా చెప్పాలి. షుగరుకు ఇన్సులిన్ తీసుకునే పెద్దలు కూడా రోజా విడవరు. వారి పట్టుదలను మేము గౌరవిస్తాము. షాబాను నెలలోనే డాక్టరును కలిసి మందుల వేళలు మార్పించుకోవాలి. కోలుకునే ఆశ లేని జబ్బు ఉన్నవారికీ, బాగా వృద్ధులైన వారికీ షరీఅత్ ఫిద్యా సౌకర్యం ఇచ్చింది. ఆ మాట కొడుకులు చెబితే అబ్బాలు వినరు. ఇమాము సాహెబ్ ఇంటికి వచ్చి చెబితే వింటారు. ప్రతి రమజానుకు ముందు ఇమాములు తమ మహల్లాలో అయిదారు ఇళ్లకు ఈ పని మీద వెళ్లాలని మా విన్నపం.

ఇక డబ్బు. ఆసరా పింఛను 2014లో వెయ్యి రూపాయలతో మొదలై 2019లో 2,016కు పెరిగింది. అర్హత వయసును తరువాత 65 నుంచి 57కు తగ్గించారు. ఈ సొమ్ముతో ఇల్లు గడవదు. అయినా ఆ డబ్బు తల్లి చేతికే రావాలి, ఎంతైనా ఆమెదిగా ఉండాలి. పింఛను రోజున కోడలి చేతిలో రెండు వందలు పెట్టి మనవలకు ఏమైనా కొనమని చెప్పే అత్తకు ఆ ఇంట్లో ఉండే స్థానం వేరు. మూటలు మోసిన చేతులకు వేలిముద్రలు అరిగిపోతాయి, యంత్రం గుర్తించదు. అలాంటప్పుడు వృద్ధుణ్ణి నాలుగుసార్లు తిప్పకుండా ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ నవీకరణ చేయించాలి, ముఖ గుర్తింపు సౌకర్యం ఉన్నచోట అదే అడగాలి. డెబ్భై ఏళ్లు దాటినవారికి ఇంటి వద్దనే ప్రాథమిక సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులోనే బ్యాంకులను ఆదేశించింది. కౌంటరులో ఈ మాట మనంతట మనం అడిగేదాకా ఎవరూ చెప్పరు. మేము కౌంటరుకు అవతల కూర్చున్నవాళ్లమే గనుక ఈ సంగతి నిశ్చయంగా చెప్పగలము. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవారికి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టికెట్టు లేదు. ఎల్బీ నగరులో ఉన్న చెల్లెలి ఇంటికి పోవడానికి కొడుకును బతిమాలుకునే అమ్మీలు ఇప్పుడు ఆధార్ కార్డు చూపించి తామే పోయి వస్తున్నారు. ఈ పథకం గురించి ఎవరేమన్నా, ఈ ఒక్క సంగతికి మేము దానిని మెచ్చుకుంటాము. అయితే బస్సు దిగి హైవే దాటడమే ప్రాణాంతకంగా ఉన్నది. పాదచారులు దాటేచోట సిగ్నలు కావాలని మనమంతా సంతకాలు చేసి కొంగర కలాన్ కలెక్టరేటులో సోమవారం ప్రజావాణిలో ఇవ్వవలసి ఉన్నది.

జిద్దాలో, దుబాయిలో, దోహాలో పిల్లలున్న ఇళ్లు మన దగ్గర తక్కువేమీ కావు. డబ్బు నెలనెలా వస్తుంది. వాట్సాప్‌లో ముఖం రోజూ కనబడుతుంది. కానీ ఇంజెక్షను వేయించడానికి వీధి చివరి దాకా చేయి పట్టుకుని నడిపించే మనిషి లేడు. అక్కడి కొడుకులకు మేము చెప్పేది ఇదే: డబ్బు పంపేటప్పుడు దానితో ఇక్కడ పని చేసే ఒక మనిషి పేరును కూడా నిర్ణయించండి. అది మేనమామ కావచ్చు, పక్కింటి అబ్బాయి కావచ్చు, జీతానికి పెట్టుకున్న ఆయా కావచ్చు. ఇంటి తాళం మారుపుచెవి ఒకటి ఆ మనిషి దగ్గర ఉండాలి. మందుల చీటీ ఫొటో ఆ మనిషి ఫోనులో ఉండాలి. అమ్మీ ఎవరి మాట వింటుందో, ఎవరితో ఆమెకు సిగ్గు లేదో ఆమెనే అడగండి.

ఇక్కడ కోడళ్ల గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. మన సభలలో తల్లిదండ్రుల ఖిద్మత్ గురించి మాట్లాడేది మగవాళ్లు, ఆ ఖిద్మత్ చేసేది ఆడవాళ్లు. తల్లిదండ్రుల సేవ కొడుకు మీద, కూతురి మీద ఉన్న విధి. కోడలు చేస్తున్నది ఆమె మంచితనం, ఆమె ఎహసాన్. అది తన హక్కు అని భర్త అనుకోవడం ఎక్కడా రాసి లేదు. పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదకొండు దాకా అత్తగారి మంచం చుట్టూ తిరిగే కోడలికి వారంలో ఒక పూట సెలవు కావాలి. ఆ పూట కొడుకు తన తల్లి గుడ్డలు తానే ఉతకాలి. నవ్వకండి. పొలంలో, మార్కెట్టులో, ఆఫీసులో చేయని కష్టమేమీ లేదు అందులో. కూతుళ్ల సంగతీ అంతే. పోషణ బాధ్యత ఆస్తిపాస్తులున్న కూతురి మీద కూడా ఉన్నదని ఫిఖ్హ్ చెబుతున్నది, 2007 చట్టమూ చెబుతున్నది. పెళ్లి చేసి పంపాం గనుక ఆమె పరాయిది అనే మాట మనది కాదు, ఎక్కడినుంచో మన ఇళ్లలోకి వచ్చి చేరింది.

ఇప్పుడు మేము అన్నిటికంటె ఎక్కువ సమయం తీసుకోదలచిన విషయానికి వస్తున్నాము. ఇల్లు ఎవరి పేరున ఉన్నది?

మనలో ఒక అలవాటు ఉన్నది. అబ్బాకు అరవై అయిదు దాటగానే, హజ్‌కు పోయేముందో ఆపరేషనుకు ముందో, ఇల్లు పెద్దకొడుకు పేరునో దగ్గరున్న కొడుకు పేరునో హిబా చేస్తారు. ఇద్దరు సాక్షులు, నోటిమాట, తాళంచెవి చేతిలో పెట్టడం. ముస్లిములకు హిబా నోటితో చేసినా చెల్లుతుంది. రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదని మన తెలుగు ప్రాంతం నుంచే వెళ్లిన హఫీజా బీ కేసులో 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. సౌకర్యమే. అయితే దాని రెండవ వైపు చూడండి. స్వాధీనం ఇచ్చేసిన తరువాత హిబాను వెనక్కి తీసుకోవడం సులభం కాదు. కన్నబిడ్డకు ఇచ్చినదైతే హనఫీ న్యాయం ప్రకారం అసలే వీలు లేదు. ఆస్తి కొడుకుది అయిపోతుంది. అప్పటివరకు ఇంటి యజమానిగా ఉన్న మనిషి మరునాటి నుంచి కొడుకు దయ మీద ఉన్న అతిథి. చాలా ఇళ్లలో దయ ఉంటుంది. కొడుకు ముందు చనిపోయి ఇల్లు కోడలికీ, ఆమె పుట్టింటివారి సలహాలకూ దక్కిన ఇళ్లనూ మేము చూశాము. కొడుకు అప్పులకు ఇల్లు జప్తుకు వచ్చినదీ చూశాము.

2007 చట్టంలోని 23వ సెక్షను ఇక్కడ అండగా నిలుస్తుంది. ఈ చట్టం వచ్చిన తరువాత, తనను చూసుకోవాలి, కనీస అవసరాలు తీర్చాలి అనే షరతుతో వయోవృద్ధులు ఆస్తిని దానంగానో మరో విధంగానో ఇచ్చి ఉంటే, తీసుకున్నవారు ఆ మాట తప్పితే, ఆ బదిలీ మోసంతో జరిగినట్లుగా పరిగణించి ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. అరవై నిండితే చాలు. కానీ షరతు అనే ఆ మాట మీదనే కేసులన్నీ నడిచాయి. షరతు ఉన్నదని చూపలేకపోతే ఈ సెక్షను వర్తించదని 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు అన్నది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు, ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం గనుక ఉదారంగా చదవాలని చెప్పి, మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కొడుక్కి ఇచ్చిన ఇంటిని ఆమెకు తిరిగి ఇప్పించింది. ఆ కేసులో కొడుకు చూసుకుంటానని రాసి ఇచ్చిన కాగితం ఒకటి ఉన్నది. ఆ కాగితమే ఆమెకు అండ అయింది. నోటిమాట హిబాలో అలాంటి కాగితం ఎక్కడిది?

కనుక మా సలహా సూటిగా చెబుతాము. బతికి ఉండగా నివాసముంటున్న ఇంటిని ఎవరికీ హిబా చేయకండి. మీ తరువాత అది ఫరాయిజ్ లెక్క ప్రకారం దానంతట అదే పంచబడుతుంది, దాని కోసం మీరు తొందరపడవలసిన పని లేదు. ఒక్క కొడుక్కి ఇచ్చి మిగతావారికి ఇవ్వకపోవడం ధర్మం దృష్టిలోనూ మెచ్చదగినది కాదని ఆలిమ్‌లు చెబుతూనే ఉన్నారు. తప్పనిసరిగా ఇవ్వవలసి వస్తే రాతపూర్వకంగా, రిజిస్టరు చేసి ఇవ్వండి. చూసుకుంటాననే మాట తీసుకునేవారి సంతకంతో రాయించండి. చివరి ఊపిరి వరకు ఆ ఇంట్లో ఉండే హక్కు మీకూ మీ భార్యకూ ఉన్నదని రాయించండి. షరతులతో హిబా విషయంలో ఫిఖ్హ్ సూక్ష్మాలున్నాయి గనుక వకీలునూ ముఫ్తీనీ ఇద్దరినీ అడిగి రాయించండి. కొడుకు నొచ్చుకుంటాడేమో అనే భయం అందరికీ ఉంటుంది. మంచి కొడుకు నొచ్చుకోడు. నొచ్చుకునే కొడుకైతే కాగితం మరింత అవసరం.

విధవలైన తల్లుల విషయం మరీ దారుణంగా ఉన్నది. భర్త పోయిన తరువాత పిల్లలున్న భార్యకు ఎనిమిదవ వంతు వాటా ఉన్నది. కొడుకు పోతే, అతనికి పిల్లలున్నా తల్లికి ఆరవ వంతు ఉన్నది. ఇది ఎవరో దయతో ఇచ్చినది కాదు, ఖురాన్ నిర్ణయించినది. మన పంపకాల కాగితాలలో ఆ ఎనిమిదవ వంతు మాకు కనిపించినది చాలా తక్కువ. కొడుకులు ఇల్లు పంచుకుంటారు, అమ్మీ ఆర్నెల్లు పెద్దోడి దగ్గర, ఆర్నెల్లు చిన్నోడి దగ్గర అని తీర్మానిస్తారు. తన సంచీ తాను సర్దుకుని అటూ ఇటూ తిరిగే ఆ తల్లికి సొంత మంచం కూడా ఉండదు. ఆమె వాటా ఆమె పేరున రాసి, ఒక గది ఆమెది అని తేల్చితే, ఆమెను ఎవరు చూసుకోవాలి అనే తగాదా సగం తగ్గుతుంది. మహర్ ఇప్పటికీ బాకీ ఉన్న సందర్భాలలో, పంపకానికి ముందు ఆ అప్పు తీరాలి.

ఇన్ని చేసినా మాట వినని కొడుకులుంటారు, మొదట చెప్పిన ఆ రకం. వారి కోసం చట్టం ఉన్నది. ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కు తెల్లకాగితం మీద దరఖాస్తు ఇస్తే చాలు. వకీలును పెట్టుకోనవసరం లేదు. తల్లిదండ్రులు రాలేని పరిస్థితిలో వారి తరఫున మరొక మనిషి గానీ సంస్థ గానీ ఇవ్వవచ్చు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు. నోటీసు అందిన తేదీ నుంచి తొంభై రోజులలో తేల్చాలి, అసాధారణ పరిస్థితిలో మరో ముప్పై రోజులు. నెలకు గరిష్ఠంగా పదివేల రూపాయల వరకు మనోవర్తి ఆదేశించవచ్చు. ఈ మొత్తం 2007 నాటిది, పెంచవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. వృద్ధులను వదిలివేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా అయిదు వేల జరిమానా, లేదా రెండూ. పిల్లలు లేనివారు తమ ఆస్తికి వారసులయ్యే బంధువుల మీద దరఖాస్తు చేయవచ్చు. అస్సాంలో 2017లో మరో అడుగు వేసి, తల్లిదండ్రులను చూడని ప్రభుత్వోద్యోగి జీతంలోంచి కోసి వారికే ఇచ్చే చట్టం చేశారు. మాజీ గుమాస్తాలుగా ఆ చట్టం మాకు నచ్చింది.

కన్నకొడుకు మీద దరఖాస్తు ఇవ్వడమా, ఖాన్‌దాన్ పరువేమవుతుంది అని తల్లులు మమ్మల్ని అడుగుతారు. దాని కోసమే 14567 అనే ఉచిత ఫోను నంబరు ఉన్నది. ఎల్డర్ లైన్ అంటారు. 2017లో టాటా ట్రస్ట్స్, విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ కలిసి మన హైదరాబాదు వృద్ధుల కోసమే మొదలుపెట్టిన పని ఇది. తరువాత కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ విస్తరించింది. సమాచారం చెబుతారు, మనసులోని బాధ వింటారు, అవసరమైతే మనిషి వస్తాడు. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పని చేస్తుంది. ఈ నంబరును పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి, ఫోనులో మొదటి పేరుగా దాచండి.

ఫోను నంబరు పొరుగువారి స్థానం తీసుకోలేదు. కేరళలో 1993లో కోజికోడ్‌లో కొందరు డాక్టర్లు నొప్పి నివారణ, ఉపశమన సేవ మొదలుపెట్టారు. ఆ తరువాత పక్కనున్న మలప్పురం జిల్లాలో, అది ముస్లిములు అధికంగా ఉన్న జిల్లా, ఆ పనిని వీధివీధిలో సాధారణ జనం చేతిలోకి తీసుకున్నారు. కొట్టువాళ్లు, విద్యార్థులు, గృహిణులు, విరమణ పొందిన ఉద్యోగులు కొద్దిపాటి శిక్షణతో వారానికి రెండు గంటలు మంచాన పడిన మనిషి ఇంటికి పోతారు. నర్సు వెంట వస్తుంది. మందులకు చిన్నచిన్న చందాలు పోగు చేస్తారు. ఏ మతం వారి ఇల్లయినా ఒకటే. ఇది జరపడానికి వారికి ఏ గొప్ప ధనమూ లేదు. మన బస్తీలకు పండ్ల మార్కెట్టు ఉన్నది, సాయంత్రం ఖాళీగా ఉండే యువకులు ఉన్నారు, డిగ్రీ చదివే ఆడపిల్లలు ఉన్నారు. మార్కెట్టులో రోజూ మిగిలే పండ్లలోంచి ఒంటరి వృద్ధుల ఇళ్లకు ఒక సంచీ పంపడానికి ఇద్దరు ఏజెంట్లు ఇప్పటికే ఒప్పుకున్నారు. షుగరున్న వారికి మామిడి పంపవద్దని మాత్రం చెప్పి ఉంచాము.

మేము అనుకుంటున్నది ఒక రిజిస్టరు. మా వృత్తి దోషం, రిజిస్టరు లేనిదే మాకు పని తోచదు. మసీదు వారీగా, అరవై అయిదు దాటి ఒంటరిగానో ఇద్దరేనో ఉన్నవారి పేర్లు. ఇల్లు ఎవరి పేరున ఉన్నదో అడగము. మందులు ఏమిటి, అత్యవసరంలో పిలవవలసిన మనిషి ఎవరు, మారుపుచెవి ఎక్కడున్నది, స్నానపు గదిలో కడ్డీ ఉన్నదా లేదా. ఆ పెద్దవాళ్ల అంగీకారంతోనే రాస్తాము, వద్దంటే రాయము. మన పక్కన ఉండే హిందూ, క్రైస్తవ వృద్ధుల పేర్లూ వారికి ఇష్టమైతే ఇందులో ఉంటాయి. ఒక ఇంటికి ఇద్దరు చొప్పున, ఆడవారి ఇంటికి ఆడవారే, వారానికి ఒకసారి వెళ్లాలి. వెళ్లి ఖిద్మత్ చేయనవసరం లేదు. కూర్చుని చాయ్ తాగి, వారు చెప్పేది విని రావాలి. బిగించవలసిన బల్బు, పట్టుకెళ్లవలసిన మందు చీటీ ఆ మాటల్లోనే బయటపడతాయి.

రిజిస్టరు ఫారాలు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి, తెలుగులోనూ ఉర్దూలోనూ వేయించాము. ఇద్దరు మేస్త్రీలు, ఒక ప్లంబరు తమ కూలీ తగ్గించి కడ్డీలు బిగించేందుకు పేర్లిచ్చారు, వారు కుడి వైపున కూర్చున్నారు. పింఛను, ఆధార్ కాగితాలు తెచ్చుకున్నవారు నమాజు తరువాత మా దగ్గరికి రావచ్చు, అసర్ దాకా ఇక్కడే ఉంటాము. నిలబడలేని పెద్దలను ముందు పంపండి.